తోలు తొడిగిన పిల్ల

మనిషి గొప్పా, జంతువు గొప్పా అని గంగన్నను అడగాల్సిన పని లేదు. అడక్కుండానే చెప్తాడు. నేను గొర్రె దవడ పట్టుకుని నోట్లో మందు పోయలేక నానా అవస్థ పడుతుంటే, పక్కన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి మొదలుపెడతాడు.

"ఎంతైనా అది జంతువు డాక్టరూ. దానికి వాసనొకటే తెలుసు. తన వాసనుంటే నాకుతాది, లేకుంటే కుమ్ముతాది. మనిషట్ల కాదు. మనిషికి మనసుండాది."

నేను డాక్టరును కాను. పుట్టింది హిందూపురం, ఉద్యోగం పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో, పశువుల డాక్టరు కింద సహాయకుణ్ణి. కానీ పల్లెల్లో చేతిలో సూది ఉన్నవాడల్లా డాక్టరే. నాకు వాదన అంటే ప్రాణం, అందులోనూ ముసలివాళ్ళతో అయితే ఇంకా ఇష్టం. అందుకని గంగన్నను ఊరికే వదిలేవాణ్ణి కాదు.

"నేనింతకాలం పశువుల్లో తిరుగుతాండా గంగన్నా, అబద్ధమాడిన ఆవును చూళ్ళేదు. అన్నదమ్ముల మీద కోర్టుకెక్కిన మేకనూ చూళ్ళేదు," అనేవాణ్ణి.

"ఆ కోర్టు కట్టింది కూడా మనిషే కదప్పా," అని నవ్వేవాడు గంగన్న. ఇలా మా ఇద్దరి వ్యవహారం చాలాకాలం సరదాగానే సాగింది.

గంగన్నది పెనుకొండ కొండలకు ఆవల, కనగానపల్లి వైపు వెళ్ళే దారిలో చిన్న పల్లె. కురుబవాళ్ళు. తాత ముత్తాతల నుంచి గొర్రెలే. వాన ఎగ్గొట్టిన ఏడు మందను తోలుకుని రొళ్ల మీదుగా కర్ణాటకలోకి పోయేవాడు, అక్కడి చేలల్లో ఎరువు కోసం మంద కట్టి, తొలకరికి తిరిగొచ్చేవాడు. అందుకే అతని మాటల్లో డబ్బు ఎప్పుడూ దుడ్లే. కోపం వస్తే తిట్లు కూడా కన్నడంలోనే వచ్చేవి. మందలో ప్రతి గొర్రెకూ పేరు పెట్టాడు. బొట్టుది, కుంటిది, ఎర్రమూతిది. ఊరి గౌడు పెళ్ళాంలా నడుము తిప్పుకుంటూ తీరుబడిగా నడిచే ఒకదానికి గౌడసాని అని పేరు. పొద్దున దొడ్డి తడిక తీసి పేరు పెట్టి పిలిస్తే ఆ గొర్రె తల ఎత్తి చూడాల్సిందే. నేను టీకా వేసేటప్పుడు ఏది మిగిలిపోయిందో నాకు తెలిసేది కాదు. అతనికి తెలిసేది.

చుట్టుపక్కల పల్లెల్లో గంగన్నకు పేరు తెచ్చింది మాత్రం తోలు తొడిగే పని. ఒక గొర్రె ఈనిన పిల్ల చచ్చిపోయిందనుకోండి. అదే సమయానికి ఇంకో గొర్రె పిల్లను ఈని, తానే చచ్చిపోయిందనుకోండి. ఇటు పాలున్నాయి, తాగే పిల్ల లేదు. అటు పిల్ల ఉంది, పాలు లేవు. రెంటినీ కలపబోతే ఆ గొర్రె పరాయి పిల్లను దగ్గరికి రానివ్వదు, కుమ్మి అవతల పడేస్తుంది. అప్పుడు చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లిలేని పిల్లకు చొక్కాలాగా తొడుగుతారు. గొర్రె తోక దగ్గర ముక్కు పెడుతుంది. తన పిల్ల వాసనే వస్తుంది. పాలిస్తుంది. నాలుగు దినాలకు పాలు వంటబట్టి, పిల్ల కొత్త తల్లి వాసనకు వస్తుంది. అప్పుడు తోలు తీసేస్తారు. ఎవరి మందలో ఇలాంటి కష్టం వచ్చినా గంగన్నకే కబురు వచ్చేది. అతను తోలు తొడిగితే కాదన్న గొర్రె లేదని చెప్పుకునేవాళ్ళు.

గొర్రెల సంగతి అలా ఉంటే, ఇంటి సంగతి వేరు. గంగన్న పెళ్ళాం ఎప్పుడో పోయింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయరాముడు గొర్రెల వెంట తిరగలేనని ధర్మవరం పోయి మగ్గం నేర్చుకున్నాడు. అంతవరకూ గంగన్న ఓర్చుకున్నాడు. అక్కడే సుధ అని నేతవాళ్ళ పిల్లను చేసుకుంటే ఓర్చుకోలేకపోయాడు. కురుబ పుట్టుక పుట్టి కులం కాని కులంలో కలిశాడని, వాడు నా గడప తొక్కకూడదని ఊళ్ళో నలుగురి ముందూ చెప్పాడు. చెప్పినమాట నిలబెట్టుకున్నాడు కూడా. మనవరాలు పుట్టిందని కబురొస్తే మందను తోలుకుని కొండెక్కాడు. సుధ కామెర్లతో పోయిందని తెలిసినా కదల్లేదు. ఈ ఎండాకాలంలో జయరాముణ్ణి రోడ్డు మీద లారీ గుద్ది చంపితే, మట్టి చేసేందుకు పోయి, కొడుకు పక్కింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా తిరిగొచ్చాడు. ఇవన్నీ అతను నాకు చెప్పినవే. చెప్పేటప్పుడు గొంతులో బాధ ఉండేది, తప్పు చేశానన్న ఎరుక మాత్రం ఉండేది కాదు.

చిన్నవాడు శివశంకర్ హిందూపురంలో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. అతని భార్య కళావతి పల్లెలో మామతోనే ఉంటుంది. వాళ్ళకు మమత అని ఒక కూతురు ఉండేది. నేను పోయినప్పుడల్లా వెంటపడి, సూది తీసేసిన సిరంజి ఇచ్చేదాకా వదిలేది కాదు. దాంతో నీళ్ళు చిమ్మి కోళ్ళను తరిమేది. నిరుడు విషజ్వరం వచ్చి పోయింది. అప్పటి నుంచి కళావతి అవసరానికి మించి మాట్లాడదు. నేను ఇంటికి పోతే మజ్జిగ ఇస్తుంది, నా చేతిలోని సంచీ వైపు చూడదు.

జయరాముడు పోయిన కొన్నాళ్ళకు ధర్మవరంలో వాళ్ళ పక్కింటి నాగరత్నమ్మ అతని కూతుర్ని వెంటబెట్టుకుని పెనుకొండలో బస్సు దిగింది. అక్కడి నుంచి ఆటోలో పల్లెకు వచ్చి, పిల్లను అరుగు మీద కూర్చోబెట్టింది. "మీ రక్తమప్పా ఇది. ఆదివారం మళ్ళా వస్తా. పెట్టుకుంటామంటే సరి, లేదంటే యాడైనా హాస్టల్లో చేరుస్తా," అని చెప్పి వెళ్ళిపోయింది. పిల్లది మమత ఈడే.

ఆ వారంలోనే నేను, గొర్రెలను ఉన్నట్టుండి పడగొట్టే చిటుక రోగానికి టీకాలు వేయడానికి పోయాను. మంద దగ్గర గంగన్న హుషారుగా ఉన్నాడు. బొట్టుది ఈనిన పిల్ల చచ్చిపోయింది, ఎర్రమూతిది పిల్లను ఈని తానే పోయింది. ఆ పిల్లకు తోలు తొడిగి అప్పుడే బొట్టుదాని కింద వదిలాడు. తోలు చొక్కా వదులై, పిల్ల అడుగు వేస్తే కాళ్ళకు తట్టుకుంటోంది. బొట్టుది తోక దగ్గర వాసన చూసి, గొంతులో చిన్నగా గురగురమని, నిలబడి పాలిచ్చింది.

"సూస్తివా? మోసపోయింది. అందుకే జంతువన్నాది," అన్నాడు గంగన్న.

"మోసం చేసింది నువ్వు, పాలిచ్చింది అది. మరి గొప్ప ఎవురంట?" అన్నాను.

అతను నవ్వలేదు. ఇంట్లో పిల్ల సంగతి ఎత్తాడు. "కళావతి ఆ పిల్లను దగ్గరికి తీసేట్లు లేదు డాక్టరూ. ఆయమ్మ కడుపు కాలిపోయుండాది. పరాయి పిల్లను చూస్తే కుమ్మదా? ఆదివారం ఆ నాగరత్నమ్మకు ఏమని చెప్పాల నేను?" అన్నాడు.

"నీ మనవరాలే కదా గంగన్నా, పరాయి పిల్లెట్లయ్యింది?"

అతను మంద వైపు తిరిగాడు. కళావతి ఏమందని అడిగాను. ఏమీ అనలేదన్నాడు. మరి దగ్గరికి తీయదని ఎట్లా తెలుసని అడిగితే, గొర్రెల మధ్య తలపండినవాడికి ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. రాత్రుళ్ళు అతను దొడ్డి దగ్గరే పడుకుంటాడు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటాడు. ఇంట్లో ఏం జరుగుతోందో చూసిందే తక్కువ. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఆ రోజు మందు చాలలేదు. మిగిలిన గొర్రెలకు శనివారం వచ్చి వేస్తానని చెప్పి వచ్చేశాను.

శనివారం నేను పోయేసరికి గంగన్న పిల్ల తోలు విప్పుతున్నాడు. ఎండిపోయి గట్టిపడ్డ తోలును కత్తితో కోసి పక్కన పడేశాడు. ఇప్పుడు పిల్ల తన సొంత ఒంటితో బొట్టుదాని ముందుకు పోయింది. బొట్టుది వాసన చూసింది. తల ఎత్తింది. ముందు కాలితో నేల గీరింది. కుమ్ముతుందేమోనని నేను పిల్లను లాగబోయాను, గంగన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. బొట్టుది మళ్ళీ వంగి ఈసారి చాలాసేపు వాసన చూసింది. తర్వాత వెనక కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. పిల్ల పొదుగులో తల దూర్చింది.

"దానికి తెలిసిపోయిందేమో గంగన్నా. తెలిసే ఇస్తాందేమో," అన్నాను. నేను ఆటకే అన్నాను గానీ, అన్నాక నాకే గుబులనిపించింది.

"తెలిస్తే ఎందుకిస్తాది? పా, ఇంటికాడ మజ్జిగ తాగిపోదువు," అన్నాడు. ఏదో తొందరలో ఉన్నట్టు ముందు నడిచాడు. దారి పొడుగునా మనిషి ఉత్సాహంగా కనిపించాడు, దేనికో నాకు అర్థం కాలేదు.

ఇంట్లో అడుగుపెట్టబోయి గడపలోనే ఆగిపోయాను. చాప మీద మమత కూర్చుని ఉంది. అదే పచ్చ గౌను, మీద తెల్ల చుక్కలు. నిరుడు పెనుకొండ బాబయ్య ఉరుసులో కొన్నది, అది వేసుకుని నా చుట్టూ తిరిగి చూపించింది. అదే నూనె పెట్టిన తల, అవే రెండు జడలు, అవే గాజులు. పిల్ల ముఖం ఎత్తాక గానీ తెలియలేదు, ఇది వేరే పిల్ల అని. గౌను కొంచెం బిగుతైంది. భుజాలు ముడుచుకుని కూర్చుంది.

"పేరేంది పాపా?" అని అడిగాను.

పిల్ల గంగన్న వైపు చూసింది. పెదాలు గట్టిగా బిగించింది. "సిగ్గు," అన్నాడు గంగన్న. అప్పుడర్థమైంది నాకు, ఈ మనిషి ఏం చేశాడో. పొద్దున కళావతి ఉపాధి పనికి పోయాక, ట్రంకు పెట్టె తెరిచి, చచ్చిపోయిన పిల్ల బట్టలు తీసి, ఈ పిల్లకు తొడిగాడు. కోడలు వచ్చి చూస్తుంది, మనసు కరుగుతుంది, దగ్గరికి తీసుకుంటుంది. ఆదివారం నాగరత్నమ్మకు చెప్పాల్సిన జవాబు దొరుకుతుంది. తీసెయ్ గంగన్నా, ముందు తీసెయ్ అని నేను అనబోతుండగానే వాకిట్లో పార కింద పెట్టిన చప్పుడైంది. కళావతి లోపలికొచ్చింది.

చూసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మట్టి కాళ్ళతోనే వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గౌను మెడ దగ్గర ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఇంకోచోట, చంక దగ్గర, ముక్కు పెట్టి వెతికింది. గంగన్న నా వైపు చూశాడు. ఆ చూపులో, చెప్పడానికే నాకు రోత పుడుతోంది, పని పారిందన్న సంతోషం ఉంది.

కళావతి తల ఎత్తింది. "పోయింది," అంది. "వాసన పోయింది మామా. ఇది ఉతకని గౌను. ఉతకలేదని నీకు తెలుసు."

తెలుసు అతనికి. కూతురు ఆఖరున వేసుకున్న గౌనును ఆమె ఉతక్కుండా కవర్లో చుట్టి పెట్టెలో దాచుకుంది. మనసు ఆగనప్పుడు తీసి వాసన చూసుకుని మళ్ళీ కట్టి పెట్టేది. గంగన్న అది చూశాడు. చూశాడు కాబట్టే పెట్టెలో అన్ని బట్టలుండగా ఆ గౌనే ఎంచుకున్నాడు. వాసన ఉన్నదే పని చేస్తుందని అతనికి తెలిసిన విద్య అది. ఇప్పుడు దానికి ఇంకో పిల్ల చెమట అంటింది, కొత్త నూనె అంటింది. ఆ తల్లికి ఈ లోకంలో కూతురి గుర్తుగా మిగిలింది అదొక్కటే, అదీ లేకుండా పోయింది.

"నేను గొర్రెనా మామా?" అంది కళావతి.

గంగన్న నోరు తెరిచాడు. "అది కాదమ్మా. ఆ పిల్లను నువ్వు యాడ వద్దంటావో అని..."

"నేను వద్దంటినా? ఎప్పుడంటి? వచ్చిన దినం నుంచీ దీనికి తల దువ్విందెవురు? రాత్రిళ్ళు నాయనా అని ఉలిక్కిపడి లేస్తే పక్కలో యేసుకుని జోకొట్టిందెవురు? నువ్వు దొడ్డికాడ పండుకుంటివి, నీకెట్ల తెలుస్తాది? రేపు ఆయమ్మ వస్తే పిల్ల ఈడే ఉంటాదని చెప్పల్లనుకుంటి. నీ చిన్నకొడుకుతో ఫోన్లో అప్పుడే చెప్పినా." ఆమె లేచి నిలబడింది. "నా కడుపున పుట్టందాన్ని నేను కుమ్మలేదు మామా. నీ పెద్దకొడుక్కు పుట్టిందాన్ని నువ్వే కుమ్మినావు. ఆ పిల్ల, ఆ పిల్ల అంటావు. దీని పేరేంది? చెప్పు చూద్దాం."

గంగన్న చెప్పలేకపోయాడు. పుట్టినప్పుడు కబురొచ్చినా అడగలేదు. మట్టికి పోయినప్పుడు అడగలేదు. ఇన్ని దినాలు ఆ పిల్ల తన ఇంట్లోనే ఉన్నా అడగలేదు. మందలో కుంటిదానికీ ఎర్రమూతిదానికీ పేరు పెట్టిన మనిషి, సొంత మనవరాలి పేరు తెలియక నిలబడ్డాడు. నాకూ ఎటు చూడాలో తెలియలేదు. తన పిల్లను తాను వాసన పట్టని గొర్రెను నేను ఎక్కడా చూడలేదు. ఆ మాట అతనితో అనొచ్చు, వాదన గెలవొచ్చు. కానీ గెలవాలనిపించలేదు, నేను పుట్టింది కూడా ఈ జాతిలోనే కదా అని తల దించుకున్నాను.

కళావతి పిల్లను లేపి గౌను విప్పసాగింది. పిల్ల కొడతారనుకుందో ఏమో, చేతులు అడ్డం పెట్టుకుంది. "నేను అడగలేదు చిన్నమ్మా. తాతే యేసినాడు," అంది. గొంతు వినడం నాకదే మొదలు. "మాట్లాడితే తెలిసిపోతాది, నోరు మూసుకోని కూర్చోమన్నాడు."

"తెలుసులే," అంది కళావతి. పిల్ల సొంత లంగా తెచ్చి తొడిగింది. తర్వాత పచ్చ గౌనును పెరట్లోకి తీసుకుపోయి బకెట్లో వేసి, సబ్బు పెట్టి ఉతకడం మొదలుపెట్టింది. దాచుకోవడానికి ఇక అందులో ఏమీ లేదు. నీళ్ళు పిండి తీగ మీద ఆరేసేదాకా ఆమె ఏడవలేదు. ఆరేశాక తీగను పట్టుకుని ఏడ్చింది.

గంగన్న ఎప్పుడు బయటికి పోయాడో నేను చూడలేదు. నా సంచీ దొడ్డి దగ్గరే మరిచిపోయాను కాబట్టి అటు పోయాను. తడిక పక్కన, కోసి పడేసిన తోలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మజ్జిగ తాగడానికి పిలిచినప్పటి మనిషి కాదు. బొట్టుది పిల్లను పక్కన పెట్టుకుని నెమరు వేస్తోంది. అతను దాని వైపు కూడా చూడటం లేదు.

"డాక్టరూ, నాకు సిగ్గయితాంది," అన్నాడు. "ఆయమ్మ ముందరికి ఏ మొకం పెట్టుకోని పోదును?"

నేను సంచీ తీసుకుని కదిలేసరికి పిల్ల వస్తూ కనిపించింది. లంగా ఎత్తి పట్టుకుని, ముళ్ళు చూసుకుంటూ వచ్చి, గంగన్నకు కాస్త దూరంలో ఆగింది. ఒక చేత్తో దొడ్డి తడిక పట్టుకుని, ఇంకో చేత్తో ఇంటి వైపు చూపించింది. అన్నానికి రమ్మని. నోటితో మాత్రం ఏమీ అనలేదు.

గంగన్న తల ఎత్తి ఆ పిల్లను చూశాడు. బహుశా మొదటిసారి చూశాడు. చూపుడువేలు ఎత్తడంలో, తల పక్కకు వంచడంలో జయరాముడు ఉన్నాడో ఏమో, నాకు తెలియదు, నేను జయరాముణ్ణి చూడలేదు. గంగన్న ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

"నీ పేరేందమ్మా?" అని అడిగాడు.

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. అతని వైపు, నా వైపు చూసి, మెల్లగా అడిగింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చునా తాతా?"

గంగన్న భుజం మీది కంబళి లాక్కుని ముఖం కప్పుకున్నాడు. లోపలి నుంచి ఏ మాటా రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. పిల్ల కాసేపు చూసింది. మాట్లాడటానికి ఒప్పుకోలేదనుకుందో ఏమో, పేరు చెప్పకుండానే దగ్గరికి వచ్చి, కంబళి కింద చెయ్యి పెట్టి అతని చెయ్యి వెతికి పట్టుకుని, అన్నానికి లేపింది.